తాళం ఉన్నవాడి సంతకం

"నోరు ముయ్! బిట్‌కాయిన్ అంటే తినేదో తాగేదో తెలీదు నీకు. నా కాయిన్ల మీద అర్జీ పెడతావా?"

పెద్దవాడు బల్ల మీద గుద్దాడు. లాయరు గారి టీ తొణికింది. ఎదురు కుర్చీలో మరదలు మాత్రం కదల్లేదు. మూల బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న బట్టతలాయన పేపరు తిప్పాడు.

"అవి మా ఆయనవి బావగారూ. వెల్డింగ్ నిప్పులకి కళ్ళు మాడ్చుకుని కూడబెట్టాడు."

"చచ్చినవాడి కళ్ళు చారెడు! వాడి కూలి వాడి సిగరెట్లకే చాలేది కాదు. నీ అర్జీ చూసి కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. నాదని రుజువు చూపిస్తే తప్ప డబ్బివ్వరట."

"ఆయన ఫోను ఉంటే నేనే చూపించేదాన్ని."

"బండి మీంచి పడ్డవాడి జేబులోంచి ఎవడో కొట్టేశాడుగా. పోయి వాణ్ణి అడుక్కో."

"కాస్త ముందు తెచ్చుంటే బతికేవాడన్నారు డాక్టరు. ఫోను తీసినవాడు దాంతోనే ఒక్క కాల్ చేసుంటే చాలు."

"ఏడుపులు ఇంటి దగ్గర పెట్టుకో."

కొట్లాట ఎంత సాగితే లాయర్లకి అంత పండగ. ఈయనకి మాత్రం ఎందుకో తొందరగా ఉంది.

"ఇద్దరూ చెప్పే కాయిన్ల అడ్రస్సు, అంటే ఖాతా నంబరులాంటిది, ఒక్కటే. ఏదో ఒక మాట రాసి, ఆ అడ్రస్సు రహస్య తాళంతో సంతకం పెట్టండి. కలం సంతకం కాదు, కంప్యూటర్లో పెట్టేది. తాళం ఉన్నవాళ్ళకే పడుతుంది. కాయిన్లు కదలవు, తాళం బయటపడదు. అమ్మా, మీరు పెట్టగలరా?"

"లేదండి."

పెద్దవాడు పగలబడి నవ్వాడు. "తాళం లేనిదానికి ఇల్లు కావాలట!"

"మీరు పెడితే మీవే. మళ్ళీ అడగను. కాకపోతే ఏం రాయాలో నేను చెప్తా."

"చెప్పు. చాటభారతమంతా చెప్పు."

ఆమె నిదానంగా చెప్పింది. "ఈ తాళం మొదట్నుంచీ నా ఒక్కడి దగ్గరే ఉంది. ఇది నా తమ్ముడు నాకిచ్చింది కాదు."

"మొగుడికి సంబంధం లేదని నీ నోటితోనే ఒప్పుకున్నావు. బుద్ధొచ్చింది!"

అతను ల్యాప్‌టాప్ తెరిచి టకటకా కొట్టాడు. సంతకం పెట్టి పంపాడు. లాయరు తన తెర మీద సరిచూశాడు. ఆకుపచ్చ గుర్తు పడింది.

"సరిపోయింది. తాళం వీరి దగ్గరే ఉంది."

పెద్దవాడు లేచి కాలరు సర్దుకున్నాడు. "విన్నావుగా? సాయంత్రానికి వెల్డింగ్ షెడ్డు కూడా ఖాళీ చెయ్. అద్దెకిస్తా."

"అలాగే బావగారూ."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఇంకో తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె అతని వైపు చూడనే లేదు. బెంచీ మీద బట్టతలాయన పేపరు మడిచాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆ అడ్రస్సు మా ఆయన పోయిన రోజు పొద్దున్నే, నా ఎదురుగా, ఆ ఫోన్లోనే కొత్తగా తెరిచాడు. దాని తాళం ఆ ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు."