కొబ్బరినూనె మరక

నెలలో నాలుగోసారి అదే ఇంటి మెట్లు ఎక్కుతుంటే వీరాంజనేయులుకు తల కొట్టేసినట్టయింది.

పొద్దున్నే బాపట్ల ఆఫీసు నుంచి ఫోను. "రేపల్లెలో ఎబినేజర్ గారింట్లో మళ్ళీ నెట్ పోయిందట. ఆ ఇంటి నుంచి ఇంకొక్క కంప్లయింటు వచ్చిందా, బ్యాగు ఇక్కడిచ్చేసి ఇంటికెళ్ళిపో" అన్నాడు మేనేజరు. ఫైబరు లైన్లు బాగుచేయడం తప్ప వీరాంజనేయులుకు ఇంకో పని చేతకాదు. ఈ వయసులో ఎవరిస్తారు?

వరండాలో ఎబినేజర్ గారి భార్య మనీషా, పక్కింటి సుగుణమ్మ కూర్చుని కనకాంబరాలు కడుతున్నారు. ఏదో మాటకు ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు. అతన్ని చూడగానే నవ్వు ఆగింది.

"అప్పుడే వచ్చేశావా తమ్ముడూ? కూర్చో, మజ్జిగ తెస్తా" అంది మనీషా.

అప్పుడే ఏంటి! ఎక్కడైనా నెట్ పోతే ప్రాణం పోయినట్టు గోల పెడతారు జనం. ఈవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. కంప్లయింటు ఇచ్చేది ఎప్పుడూ తెనాలిలో ఉద్యోగం చేసే ఎబినేజర్ గారే. పొద్దుటి రైలుకి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. పగలంతా ఆయన మనసు ఇంటి మీదే. అలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి అనుకునేవాడు వీరాంజనేయులు.

"మజ్జిగ తర్వాతక్కా" అని లోపలికెళ్ళి, గోడ దగ్గర కేబుల్ ఊడదీశాడు. కనెక్టర్ కొసను చేతి మైక్రోస్కోపులో చూశాడు. అనుకున్నదే. జిడ్డు. వేలిముద్ర గీతలతో సహా. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన.

ఒళ్ళు మండింది.

"అక్కా, మొదటిసారి దుమ్ము పట్టి లైను పోయినప్పుడే చెప్పానా లేదా? ఇందులో వెలుతురు వెళ్ళే దారి వెంట్రుకకన్నా సన్నం. వేలు తగిలితే చాలు, ఆ జిడ్డుకే లైను చస్తుంది, ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"చెప్పావు తమ్ముడూ."

"మరి ఈ నూనేంటి?"

మనీషా గుమ్మంలో నిలబడ్డ సుగుణమ్మ వంక చూసింది. "కుట్టుమిషన్‌కి పెట్టినట్టే దీనికీ ఓ చుక్క పెట్టా. తుప్పు పడుతుందేమోనని."

అంత కోపంలోనూ వీరాంజనేయులుకు నవ్వొచ్చింది. గాజు తీగకి తుప్పేంటి! స్పిరిట్‌తో, పోగులు రాలని కాగితంతో కొసను తుడిచి మళ్ళీ చూశాడు. మరక పోయింది.

తిరిగి పెట్టబోతుంటే మనీషా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, రేపు చీరాల నుంచి మా అమ్మ వస్తోంది. ఎల్లుండి దాకా దీన్నిలాగే వదిలెయ్యవా? సామాను దొరకలేదని చెప్పు."

"అమ్మగారొచ్చే రోజున నెట్ లేకపోతే ఎంత నామోషీ! ఆవిడకి సీరియళ్ళుండొద్దూ?"

"మా అమ్మ సీరియళ్ళు చూడదు. నాతో మాట్లాడ్డానికి వస్తోంది."

"నా పొట్ట కొట్టకక్కా. ఇంకొక్క కంప్లయింటొస్తే నా ఉద్యోగం ఊడుద్ది. ఇద్దరు పిల్లలు నాకు."

ఆ మాటకి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టినందుకు కాబోలనుకుని జాలిపడ్డాడు. అయినా పని పనే.

ఈసారి కనెక్టర్‌ను ఊరికే వదల్లేదు. దాని చుట్టూ ఇనప పెట్టె బిగించి తాళం వేశాడు. ఇక ఏ వేలూ దూరదు, ఏ నూనే అంటదు. పీడ వదిలింది.

లైటు పచ్చగా వెలిగింది. "పొయ్యి మీద పప్పుంది" అంటూ సుగుణమ్మ పూలు సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. మనీషా పైట సర్దుకుని, తలుపు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఇందాక మజ్జిగ తెస్తానన్న మనిషి ఇప్పుడతని వంకైనా చూడలేదు.

బయటికొచ్చి బండి తీస్తుంటే ఫోను మోగింది. తెనాలి నుంచి ఎబినేజర్ గారు. ఎప్పటిలాగే మెత్తటి గొంతు.

"చాలా థ్యాంక్సండీ వీరాంజనేయులు గారూ, హాల్లోదీ, వంటగదిలోదీ, పడగ్గదిలోదీ కెమెరాలన్నీ వచ్చేశాయి గానీ, ఆ తలుపు వెనక నిలబడితే మా ఆవిడ నాకు కనబడట్లేదు, కాస్త ఇవతలికి రమ్మని చెప్పండి."