మంచుపెట్టె

"పెట్టె మీద చెయ్యి తీయండి తాతా."

ముసలాయన తీశాడు. కారు గతుకులో పడగానే మళ్ళీ పట్టుకున్నాడు.

ఒంగోలు ఆసుపత్రి గేటు దగ్గర గుంటూరు దాకా వస్తానని బతిమాలితే, డ్రైవర్ ప్రభు జాలిపడి ఎక్కించుకున్నాడు. ఆ జాలి ఇప్పుడు నజ్మీన్ తలకి చుట్టుకుంది.

ఆమె పరిశోధక విద్యార్థిని. పెట్టెలో, మంచు మధ్య డబ్బాలో, పొద్దున చనిపోయిన ఒక పెద్దావిడ మెదడు ఉంది. మంచు కరిగేలోగా గుంటూరులోని ల్యాబ్‌కి చేర్చాలి.

గుంటూరు పొలిమేరలో మిర్చియార్డుకి పోయే లారీలు రోడ్డంతా ఆగిపోయాయి. కారు కదలదు. మిరప ఘాటుకి ముగ్గురూ దగ్గుతున్నారు.

ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. "ఎక్కడమ్మా? ముసలితనంలో మెదడులో కొత్త కణాలు పుడతాయో లేదో చూడ్డానికి ఇలాంటిది మళ్ళీ దొరకదు."

"వచ్చేస్తున్నాం సార్." అబద్ధమాడి పెట్టేసింది.

ఫోన్లో మాట ముసలాయనకీ వినపడింది. "పుడతాయంటారా అమ్మా?"

"వయసుతో తగ్గిపోతాయంటారు. అసలు పుట్టవనేవాళ్ళూ ఉన్నారు."

"పుడతాయమ్మా."

"మీకంత తెలిస్తే మాకీ తిప్పలెందుకు తాతా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకుని పెట్టె వైపు చూశాడు.

నజ్మీన్ మూత తీసింది. మంచు చాలావరకు నీళ్ళయిపోయింది.

"ప్రభూ, ఇక్కడ ఐసెక్కడ దొరుకుద్ది?"

"ఈ మిరపకాయల లారీల్లో ఐసేంది మేడమ్?"

ముసలాయన అప్పటికే దిగిపోయాడు. లారీల మధ్య పడి పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి కండువా నిండా ఐసు.

"కొత్తపట్నం చేపల బండి కనపడిందమ్మా. అడిగితే ఇచ్చాడు."

"నీచు కంపు," అంది నజ్మీన్. అయినా డబ్బా చుట్టూ గబగబా సర్దింది. ఆయన పేరైనా అడగలేదు.

ల్యాబ్ గేటు దగ్గర ఆయన దిగాడు. పెట్టె లోపలికి వెళ్ళేదాకా నిలబడ్డాడు. కుళాయి కింద కాళ్ళు కడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎండకి కాబోలు కాళ్ళు కడుక్కున్నాడు, అనుకుంది నజ్మీన్.

ప్రొఫెసర్ పెట్టె తెరిచి చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"చల్లగానే ఉంది. అదృష్టవంతులం. ఈ కొండమ్మ డెబ్బై దాటాక అక్షరాలు దిద్ది బైబిల్ మొత్తం చదివిందట. మొగుడే పక్కన కూర్చుని పలక పట్టించాడట."

గుమ్మం వైపు చూశాడు.

"ఆవిణ్ణి సాగనంపడానికి ఆయన మీ కారే ఎక్కాడని ఒంగోలు నుంచి చెప్పారు, ఏడమ్మా?"