పెర్లెకు పూసిన మసి

గేటు చప్పుడైతే బోడిల్ కిటికీలోంచి చూసింది.

వాకిట్లో మాడ్స్ రాస్క్ నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు.

హోల్బెక్ ఊరి చుట్టుపక్కల, గుర్రాలను కోసే ఆ ముసలి కసాయిని ఎరగనివాళ్ళు లేరు. ట్రాక్టర్లు వచ్చాక గుర్రాలన్నీ కబేళాల దారి పట్టాయి. చుక్కల గుర్రమైతే ఎక్కడున్నా రాస్క్ వెతుక్కుంటూ వచ్చేవాడు.

"వాటి తోళ్ళు కోపెన్‌హాగెన్‌లో సోఫాల మీద పరుస్తారటే," అని పక్కింటి గ్రేతె నిన్ననే చెప్పింది. గ్రేతె చెప్పిందంటే ఊరంతా నమ్మాల్సిందే.

బోడిల్ కొట్టంలోకి పరిగెత్తింది. అతను అప్పటికే ఆమె గుర్రం పెర్లె మెడ నిమురుతున్నాడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి చుక్కలు. పద్నాలుగేళ్ళ కిందట, పుట్టిన పూట దాని తడి తుడిచింది బోడిలే.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"మీ ఆయనేనమ్మా. ట్రాక్టరుకు చోటు కావాలన్నాడు. దీని పేరేంటి?"

"పెర్లె."

"ఈ చుక్కలు నిన్నా మొన్నటివి కావమ్మా. మనుషులు గుహల్లో బొమ్మలు గీసిన నాటివి. మన దేశంలో ఈ జాతికి తల్లి అయిన గుర్రం కూడా ఓ కసాయి చేతిలోంచే వచ్చింది, తెలుసా?"

కసాయి నోట ఆ మాట విని బోడిల్ పెర్లెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"సోమవారం వస్తాను," అని అతను వెళ్ళిపోయాడు.

ఆ మూడు రోజులూ ఆమెకు తిండి సయించలేదు.

సోమవారం ఆమె భర్త ఆక్సెల్ ట్రాక్టరు చూడటానికి పట్నం వెళ్ళాడు. బోడిల్ చిమ్నీలో మసంతా గీకి, నూనెలో కలిపి, పెర్లెకు చెవుల నుంచి గిట్టల దాకా పూసింది. పెర్లె కదలకుండా నిలబడింది, పిచ్చిది.

రాస్క్ వచ్చాడు.

"చుక్కల గుర్రం ఏదమ్మా?"

"చచ్చిపోయింది. ఇది మా అన్నయ్యది."

అతను గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. వేళ్ళు నల్లబడ్డాయి. వాటి వంక చూశాడు, బోడిల్ వంక చూశాడు.

దొరికిపోయాననుకుంది.

అతను జేబురుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు.

"సరే. మీ అన్నయ్య గుర్రాన్ని బాగా చూసుకోమ్మా."

వెటకారమే అనుకుంది.

సాయంత్రం ఆక్సెల్ పెర్లెను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నీకు మతి పోయిందా? ఇప్పుడు ట్రాక్టరును నీ వంటింట్లో పెట్టమంటావా?"

"పెట్టండి! పెర్లెను మాత్రం ఇవ్వను."

అతను విసురుగా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. గెలిచాననుకుంది. మసి మాత్రం కడగలేదు. కడిగితే రాస్క్ మళ్ళీ వస్తాడని భయం.

గురువారం సంతకు వెళ్ళి వచ్చేసరికి కొట్టం ఖాళీ.

"కబేళా లారీ వచ్చింది," అన్నాడు ఆక్సెల్, నేలచూపులు చూస్తూ. "వాళ్ళకు ఏ రంగైనా ఒకటే. ముసలి నల్ల గుర్రం అని రాసుకుపోయారు."

వసంతంలో రాస్క్ పోయాడు. వద్దన్నా వినకుండా గ్రేతె ఆమెను అతని పొలానికి లాక్కెళ్ళింది.

పచ్చికలో పదకొండు చుక్కల గుర్రాలు తమ పిల్లలతో మేస్తున్నాయి. గుర్రాల సంఘం వాళ్ళు ఒక్కొక్కదాని వివరాలూ రాసుకుంటున్నారు. ఈ జాతి మళ్ళీ నిలబడుతుందని ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"చుక్కలదాన్ని ఒక్కదాన్నీ కోయలేదటే! బతికించడానికని తెలిస్తే రేటు పెంచేస్తారని నోరు మెదపలేదట, గడుసు ముసలాడు," అంది గ్రేతె.

బోడిల్ రాస్క్ కొట్టంలోకి నడిచింది. గుర్రానికో గది, గదికో పలక, పలక మీద పేరు. చివరి గదిలో గుర్రం లేదు. గడ్డి మాత్రం పరిచి ఉంది.

దాని పలక మీద సుద్దముక్కతో వంకర అక్షరాలు: "పెర్లె. తీసుకురానక్కర్లేదు. ఆ ఇల్లాలి దగ్గర భద్రంగా ఉంటుంది."