తూము మీద చెయ్యి

హైమావతి బీన్సు తరుగుతుంటే వంటింటి గోడలోంచి ఆనకట్ట పలికింది. "అమ్మా, ఎడమ పక్కన లోపల మట్టి జారుతోంది. నీళ్లు దించండి."

ఆ కాలంలో కట్టలన్నీ తమ బాగోగులు తామే చెప్పుకునేవి. తూము తెరవాలంటే మాత్రం యజమాని చెయ్యే పడాలి. పుంగనూరు పక్కన వాగుకు అడ్డంగా ఈ చిన్న కట్టను హైమావతి నాన్న పడవ షికార్ల కోసం కట్టించాడు. ఇప్పుడు అది ఆమెది, తమ్ముడు సుదర్శనానిది.

ఆరోజే పడవ పందేలు. ఒడ్డంతా జనం.

"సాయంత్రం దాకా ఆగుదాం అక్కా," అన్నాడు సుదర్శనం. "బయటికి ఒక్క చుక్క గూడా కారలేదు గదా. ఈ పొద్దు నీళ్లు వదిలితే మళ్లా మన దగ్గరికి ఎవురొస్తారు?"

"కింద పల్లెలో మనుషులుండారు నాయనా. కట్ట మనదని చెప్పుకుంటా ఉండామే, దాని వల్ల వచ్చే ముప్పు మాత్రం ఎవురిది?"

ఆమె పల్లెకు కబురు చేసింది. వాగులోంచి అందరూ బయటికి వచ్చాక తూము చక్రం మీద చెయ్యి వేసింది. నీళ్లు మెల్లగా దిగాయి. పందేలకు వచ్చినవాళ్లు విసుక్కుంటూ వెళ్లిపోయారు. పడవలు బురదలో ఒరిగిపోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

మరునాడు ఎడమ పక్కన తవ్వి చూస్తే, మనిషి పట్టేంత బొక్క కనిపించింది. సుదర్శనం వంగి అందులోకి భుజం దాకా చెయ్యి పెట్టి చూశాడు.

ఆ ఆదివారం షికారుకు వచ్చిన ఒక కుటుంబం ఎండిన అడుగును చూసి, "నీళ్లేవండీ?" అని అడిగింది.

"మా అక్క వదిలేసింది," అన్నాడు సుదర్శనం ఛాతీ విరుచుకుని. "రాండి, ఎందుకో చూపిస్తా."