ఎంగేజ్ టోన్

రాజలింగు ఇంటికి ఇంటర్నెట్ పెట్టించాలని జగపతి నిర్ణయించుకున్నాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడికి ఇంత దాతృత్వం ఎక్కణ్నుంచి వచ్చిందని ఊరు నోరెళ్లబెట్టింది.

దాతృత్వం కాదు, భయం.

తెలంగాణ కోసం రోడ్డు మీద కూర్చుందామని ఊరివాళ్లు అనుకోవడమే ఆలస్యం, తెల్లారేసరికి పోలీసు వ్యాన్లు వాళ్లకంటే ముందే వచ్చి కూర్చుంటున్నాయి. ఎవరో ఉప్పందిస్తున్నారు. ఆ ఎవరో జగపతే. అతని ఇసుక ట్రాక్టర్లు వాగు దాటి టౌను చేరాలంటే స్టేషన్ చల్లగా ఉండాలి మరి. పగలు జై తెలంగాణ, పొద్దుగూకితే జై ఇసుక.

ఈ మధ్య ఉద్యమ కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. సెల్‌ఫోన్లు ఇంకా పొలిమేర దాటి రాని రోజులు. ఊళ్లో ఫోను ఉన్నవి రెండే ఇళ్లు: జగపతిది, కమిటీలోనే ఉన్న రాజలింగుది. ఆదివారం కమిటీకి మండల అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. ఆ కుర్చీ జగపతికి దాదాపు ఖాయం. ఈలోగా దొంగ దొరక్కపోతే తనే దొరికిపోతాడు. కుర్చీ సంగతి అలా ఉంచి, ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. కాబట్టి దొంగ రాజలింగే కావాలి.

రాజలింగు కూతురు రక్షితకని ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. అది ఇన్నాళ్లూ దసరాకు బొట్టు పెట్టించుకోవడానికీ, మిగతా రోజుల్లో గుడ్డ కప్పుకుని కూర్చోవడానికీ పనికొచ్చింది. దానికి నెట్ పెట్టే పని కల్యాణ్ మీద పడింది. తండాలో పుట్టి జనగామలో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్న కల్యాణ్ కూడా కమిటీ మనిషే.

అతను ఫోన్ వైరు పీకి మోడెం అనే డబ్బాకు తగిలించాడు. డబ్బా కీచుమంది, గరగరమంది, ఈల వేసింది.

"ఓ బిడ్డా, గది దేన్నో మింగినట్టున్నది, జర చూడున్రి," అంది రాజలింగు తల్లి వంటింట్లోంచి.

జగపతి కల్యాణ్‌ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, గిది నడుస్తున్నప్పుడు ఎవలన్న ఫోన్ చేస్తే ఎట్ల?"

"ఎంగేజ్ వస్తదన్నా. రెంటికీ ఒక్కటే లైను గద."

"పక్కానా? ఎన్నిసార్లు చేసినా ఎంగేజేనా?"

"నెట్ బంద్ చేసేదాక గంతే."

జగపతి మొహం వెలిగిపోయింది. "బిడ్డా, సాయంత్రం పూట నెట్ మస్తుగ వస్తదట. రోజూ గప్పుడే పెట్టుకొని మంచిగ సదువుకో," అని రక్షిత తల నిమిరి మరీ వెళ్లాడు.

మర్నాటి సాయంత్రం జగపతి ఇంట్లో కమిటీ కూర్చుంది. తెల్లారి కొడకండ్ల రోడ్డు మీద రాస్తారోకో అనుకున్నారు. రాజలింగు పనుందని ముందే లేచి వెళ్లిపోయాడు. కాసేపయ్యాక జగపతి ఏదో గుర్తొచ్చినట్టు అతనికి ఫోన్ కలిపాడు. ఎంగేజ్. చాయ్ తాగి మళ్లీ కలిపాడు. ఎంగేజ్. రిసీవర్ తెచ్చి పెద్దమనిషి లచ్చిరాం చెవికి ఆనించాడు.

"గింతసేపు ఎవలతోని ముచ్చట పెడుతున్నడే?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనుమానం నాటుకుందని జగపతి లోలోపల మురిసిపోయాడు.

వాళ్లు వెళ్లగానే స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్లీ చేశాడు. ఎంగేజ్. వేలు నొప్పి పుట్టింది గానీ లైను దొరకలేదు. పనీపాటా లేని మనుషులని పోలీసులను తిట్టుకుని, బీపీ గోలీలు తెచ్చుకుంటానని భార్య కరుణతో చెప్పి స్కూటరెక్కాడు. ఫోన్లో పోవలసిన మాటను స్వయంగా మోసుకెళ్లి అప్పజెప్పాడు. బయటికొచ్చేసరికి వెనక టైరులో గాలి లేదు. పంక్చర్ దుకాణం దాకా బండిని నెట్టుకుంటూ, ప్రజాసేవ అంటే ఇంత కష్టమా అనుకున్నాడు.

తెల్లారి వ్యాన్లు ముందే వచ్చి ఉన్నాయి. అందరినీ, మర్యాద కోసం జగపతిని కూడా, ఎక్కించుకుపోయి ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. పులిహోర పొట్లాలు పంచాక జగపతి లేచాడు.

"దొంగ మన నడుమనే ఉన్నడు. నిన్న రాజలింగు ఫోను ఎంతకూ ఎంగేజే. మీ చెవులతోని మీరే ఇన్నరు. రాజలింగన్నా, గంతసేపు ఎవలతోని మాట్లాడినవో అందరి ముంగట చెప్పు."

నెట్ అంటాడు, ఆ డబ్బా కథ ఎవడు నమ్ముతాడు అని జగపతి నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

"పోలీస్ స్టేషన్‌తోనే మాట్లాడిన," అన్నాడు రాజలింగు.

అడగని వరం కూడా దేవుడు ఇస్తాడని జగపతికి ఆ రోజే తెలిసింది. "ఇన్నరా?" అని అందరి వైపూ తిరిగాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. లచ్చిరాం పులిహోర తింటూనే ఉన్నాడు.

"నా బర్రె తప్పిపోయిందని చెప్పిన," అన్నాడు రాజలింగు. "కొమ్ములెట్లుంటయి, ఏ అంగట్ల కొన్నం, ఎన్ని ఈతలు ఈనింది, అన్నీ చెప్పిన. పాపం కానిస్టేబుల్ ఓపికగ ఇన్నడు. నాకు బర్రే లేదనుకో. స్టేషన్ల ఉన్నది ఒక్కటే ఫోను. గది ఖాళీ లేకుంటే, ఉప్పందించేటోడు స్టేషన్‌కే రావాలె అన్నది కమిటీ. గందుకే మా రక్షితను నెట్ ముట్టనియ్యలే."

జగపతి లచ్చిరాం వైపు తిరిగాడు. "నాకు తెల్వకుంట ఏం కమిటీ?"

"నువ్వు లేని కమిటీ," అన్నాడు లచ్చిరాం.

కల్యాణ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నెట్ పెట్టిచ్చేటోళ్లు స్పీడెంత అని అడుగుతరన్నా. నువ్వొక్కనివే ఎంగేజ్ వస్తదా అని అడిగినవ్."

జేబులోంచి చిన్న నల్లటి మూత ఒకటి తీసి జగపతి అరచేతిలో పెట్టాడు.

"గిది నీ స్కూటర్ టైరు మూత. నిన్న స్టేషన్ ముంగట గాలి తీసినప్పుడు నా తాననే ఉండిపోయింది."