పదకొండో ఇంటర్వ్యూ

విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించే ఆ అధ్యాపకుడి ఉద్యోగం అసలు ఎవరికైనా వస్తుందా అని కదిరప్పకు పదేళ్లుగా అనుమానం. అయినా పదకొండోసారీ ఇంటర్వ్యూకు వెళ్లి, మనుషుల్లేని గదిలో ఏటా ప్రశ్నలడిగే యంత్రం ముందే కూర్చున్నాడు. వేరుశనగ తెగుళ్ల గురించి అది అడిగినవన్నీ ఎప్పటిలాగే దాచుకోకుండా చెప్పాడు.

"స్వామి దయవల్ల ఈసారి ఖాళీ భర్తీ అయింది," అంది యంత్రం.

ఆ మాట కదిరప్పది. ఏ జవాబైనా "స్వామి దయవల్ల" అని మొదలుపెట్టడం అతని అలవాటు.

"ఎవురికొచ్చింది సార్?"

"నాకే. పిల్లలకు పాఠాలు చెప్పడానికి మీ పదకొండేళ్ల జవాబులు సరిపోతాయి. ఇక మీరు రానక్కర్లేదు."

ఇంట్లో భార్య నాగరత్న అంతా విని, వంటింట్లోంచి కొబ్బరికాయ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఉద్యోగమొస్తే కాయ కొడతానని మొదటేడు మొక్కుకుంటివి గదా. నీకు రాకపోయినా నీ మాటలకొచ్చిందిలే. సామికి బాకీ ఎందుకు?"

ఆ దయ ఎవరి మీద చూపినట్టో స్వామినే అడగాలనుకున్నాడు కదిరప్ప. అడగలేక, పటం ముందు కాయ కొట్టాడు. అది రెండు చెక్కలుగా, సమంగా పగిలింది.