మొప్ప ఎరుపు

"ఎవుడి నెత్తురే ఇది?" నా చేతిలోని రిపోర్టును అనుమానంగా చూస్తూ అడిగింది అమ్మ.

"నాన్నదేనమ్మా. కాలేయం మీద మచ్చలు కొంచెమే ఉన్నాయట. నెత్తురు పరీక్షలోనే తెలిసిపోయింది, సూది గుచ్చి ముక్క తియ్యక్కర్లేదన్నారు డాక్టరు గారు."

ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న నాన్న మీసం దువ్వాడు. "ఇన్నావేటే పోతమ్మా? నా కార్జం ఇశాపట్నం ఉక్కు!"

"ఇరవయ్యేళ్ళు తాగినోడికి మచ్చలు కూసింతేనా? కొయ్యకుండా లోపల సంగతి ఎలాగ తెలుత్తాది? నెత్తురు సీసా మార్సీసుంటారు."

నా డిగ్రీ చదువులోని మాటలేవీ అమ్మకు పనికిరావని తెలుసు.

"బేరానికొచ్చినోళ్ళకి నువ్వు సేప కోసి సూపిత్తావేటమ్మా? మొప్ప ఎత్తి ఎరుపు సూపించవా? ఇదీ అంతే."

ముప్పయ్యేళ్ళుగా చేపలు కొనే జనం అనుమానాన్ని అమ్మ బొటనవేలితో మొప్ప ఎత్తే తీర్చింది. చదవడం రాకపోయినా రిపోర్టు తీసుకుని, అదే బొటనవేలితో అంచు ఎత్తి చూసింది.

"అయితే నిజమేనన్నమాట."

"నిజం కాపోతే ఏటి? ఇయ్యాల సాయంత్రం ఒక్క సుక్కేసుకుంటే..." అంటూ నాన్న మళ్ళీ మీసం దువ్వుతూ హుషారుగా లేచాడు.

అమ్మ కాగితం మడిచి బొడ్డున దోపుకుంది.

"మావా, పొద్దున్న మొప్ప ఎర్రగున్న సేప, ఐసెయ్యకుండా వదిలేత్తే సాయంత్రానికి ఏటౌతాది?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపల వేటకెళ్ళిన నాన్న మీసం మీది చెయ్యి మెల్లగా దించేశాడు.